ఓరుగల్లు బందీ, ఢిల్లీ వజీరు

కొన్ని నెలల క్రితం ఒకరోజు అస్ర్ నమాజు అయిన తర్వాత ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని మా వద్దకు వచ్చింది. కుర్రవాడికి పందొమ్మిదేళ్ళు ఉంటాయి. తండ్రి చనిపోయాక చదువు మానేశాడు. స్నేహాలు చెడ్డాయి. ఒకసారి పోలీస్ స్టేషన్ మెట్లు కూడా ఎక్కాడు. వీధిలో ఎవరో పెద్దమనిషి అతణ్ణి ఫౌజులో చేర్పిస్తే మనిషి అవుతాడని ఆమెకు చెప్పాడట. అది నిజమేనా మౌల్వీ సాబ్ అని ఆ తల్లి అడిగింది. కుర్రవాడు మాత్రం తల ఎత్తకుండా చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

ఈ ప్రశ్న మా వద్దకు రావడం అదే మొదటిసారి కాదు. హనుమకొండలో, వరంగల్‌లో తెల్లవారక ముందే మైదానాల్లో పరుగులు తీసే కుర్రవాళ్ళను పాఠకులు కూడా చూసే ఉంటారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతి ప్రకారం తీసుకునేది నాలుగేళ్ళకే. ఆ తర్వాత నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు. అయినా పరుగులు ఆగలేదు. దారి తప్పిన కొడుకు సిపాయి బట్టలు వేసుకుంటే బాగుపడతాడని నమ్మే తల్లిదండ్రులు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు.

ఆ తల్లికి వెంటనే అవుననీ కాదనీ చెప్పలేకపోయాము. మన ఓరుగల్లుకే చెందిన ఒక మనిషి కథ చెప్పాము. ఆరోజు అంతసేపు చెప్పడానికి వీలుకాని సంగతులు కూడా కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

చరిత్రలో ఆయన పేరు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ. ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరుగా పదిహేడు, పద్దెనిమిదేళ్ళపాటు ఢిల్లీ పరిపాలనను నడిపిన వ్యక్తి. తిలంగానీ అంటే తెలంగాణకు చెందినవాడు. పుట్టుకతో హిందువు, కాకతీయ ప్రతాపరుద్రుని కొలువులో సేనాని. ఆయన జీవితం గురించి ఎక్కువగా తెలిపినవాడు షమ్స్ సిరాజ్ అఫీఫ్. 1398లో తైమూర్ ఢిల్లీని కొల్లగొట్టిన తర్వాత, పోయిన మంచి రోజులను తలచుకుంటూ తారీఖ్-ఎ-ఫిరోజ్ షాహీ వ్రాసిన చరిత్రకారుడు. అంతకు ముందు అదే పేరుతో గ్రంథం వ్రాసిన జియావుద్దీన్ బరనీ కూడా మక్బూల్‌ను కొన్నిచోట్ల ప్రస్తావించాడు.

ఆయన అసలు పేరు విషయంలో చిన్న చిక్కు ఉంది. అఫీఫ్ గ్రంథంలోని ఆ పేరును కొందరు కట్టూ అనీ, కొందరు కన్నూ అనీ చదివారు. ఉర్దూ చదవడం వచ్చిన పాఠకులకు ఇందులో వింత కనిపించదు. పైన ఒక నుక్తా ఉంటే నూన్, రెండు ఉంటే తే. పాత వ్రాతప్రతుల్లో గాఫ్‌కు వేరే గీత పెట్టేవారు కాదు, కాఫ్‌లాగానే వ్రాసేవారు. కాబట్టి కన్నూను గన్నూ అని కూడా చదవవచ్చు. ఇక తెలుగు వైపు చూస్తే, తిక్కన శిష్యుడైన మారన తన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. ఆ గన్నయే ఢిల్లీలో మక్బూల్ అయ్యాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. మాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక అసలు కథకు వద్దాము.

ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి చాలాసార్లు వచ్చాయి. 1310లో మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుర్రాలను, ధనాన్ని ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఆ కాఫూర్ కూడా ఒకప్పుడు బానిసే. 1299లో గుజరాత్‌లోని ఖంభాత్ రేవులో సుల్తాను సేనలకు చిక్కాడు. వెయ్యి దీనార్లకు కొన్నందువల్ల హజార్ దీనారీ అనే పేరు అతనికి ఉండిపోయింది. ఆయన సంగతి మళ్ళీ చెబుతాము.

1321లో ఘియాసుద్దీన్ తుగ్లక్ తన కుమారుడు ఉలుఘ్ ఖాన్‌ను ఓరుగల్లుకు పంపాడు. ఈయనే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అనే పేరుతో సుల్తాను అయ్యాడు. ముట్టడి బిగుస్తూ ఉండగా ఢిల్లీ నుంచి వచ్చే తపాలా ఒక్కసారిగా ఆగిపోయింది. వారానికి రెండు మూడుసార్లు రావలసిన కబురు నెల దాటినా రాలేదు. శిబిరంలో ఉబైద్ అనే కవీ, మరికొందరూ సుల్తాను చనిపోయాడని పుకారు పుట్టించారు. సర్దారులు ఎవరి దారిన వారు జారుకున్నారు. కోటలోని కాకతీయ సైన్యం బయటకు వచ్చి మిగిలిన దండు మీద పడింది. ఉలుఘ్ ఖాన్ దేవగిరి వరకు వెనుదిరగవలసి వచ్చింది. కత్తి చేయలేని పనిని ఒక పుకారు చేసింది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

కొద్ది నెలల్లోనే కొత్త బలగంతో ఉలుఘ్ ఖాన్ తిరిగి వచ్చాడు. 1323లో కోట పడిపోయింది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. కోట నడుమ ఉండిన స్వయంభూ దేవాలయం శిథిలమైంది. ఈనాడు అక్కడ నాలుగు తోరణాల మధ్య విరిగిన రాళ్ళే కనిపిస్తాయి. అది మన ఊరి చరిత్ర, దాన్ని చూడనట్టు దాటిపోవడం మాకు ఇష్టం లేదు.

ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపారు. ఆయన ఢిల్లీ చేరలేదు. నర్మదా తీరంలో ప్రాణం విడిచాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతున్నది. ఆ అవమానాన్ని భరించలేక తానే ప్రాణం తీసుకున్నాడని కొందరి భావన. అదే ఓటమిని చూసిన గన్నయ బ్రతికాడు. రాజు పోయాడు, రాజ్యం పోయింది, ఊరి పేరు సైతం పోయింది. చేతిలో ఉన్నదల్లా నేర్చుకున్న ఒక పని. కోటను కాపాడటం, మనుషులను నడిపించడం.

తన రాజు దారిలో చనిపోయాక గన్నయ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఎదుటికి వచ్చి కలిమా చదివాడనీ, ఆయనకు మక్బూల్ అని పేరు పెట్టారనీ అఫీఫ్ వ్రాశాడు. మక్బూల్ అంటే అంగీకరించబడినవాడు. బందీగా ఉన్న మనిషి కలిమా చదవడం గురించి మా విద్యార్థులు ఎప్పుడూ ఒక ప్రశ్న వేస్తారు, అది మనసారా జరిగిందా అని. వారికి మేము చెప్పేది ఒకటే. హృదయంలో ఏముందో అల్లాహ్‌కే ఎరుక. మనకు కనిపించేది ఆ తర్వాత ఆయన గడిపిన నలభై అయిదేళ్ళ జీవితం మాత్రమే.

మక్బూల్‌లో సుల్తాను తెలివిని చూశాడు. ఢిల్లీ నగర నాయబు పదవి ఇచ్చాడు. తన సంతకంలో ఆయన తనను ముహమ్మద్ తుగ్లక్ బానిసగా చెప్పుకునేవాడు. అది ఆ కాలపు మర్యాద. ఇల్తుత్‌మిష్ బానిసే, బల్బన్ కూడా బానిసే. యుద్ధాల్లో పట్టుబడ్డవాళ్ళకు, అంగడిలో అమ్ముడైనవాళ్ళకు గుర్రం, కత్తి ఇచ్చి వారిలో నుంచి సేనాపతులను, సుల్తానులను తయారుచేసిన వ్యవస్థ అది. మంచి వ్యవస్థ అని మేము అనడం లేదు. మనిషిని అమ్మడం, కొనడం ఏనాడూ మంచిది కాదు. అయితే ఇల్లూ వంశమూ పోగొట్టుకున్నవాడు మళ్ళీ లేచి నిలబడటానికి అందులో ఒక ద్వారం ఉండేది. మక్బూల్ ఆ ద్వారం గుండానే వెళ్ళాడు.

ఆయనకు చదవడం, వ్రాయడం రాదని అఫీఫ్ అంటాడు. ఇక్కడ కాసేపు ఆగాలి. ఒక మహాకవి శిష్యుడు వ్రాసిన పురాణాన్ని అంకితం పుచ్చుకున్న వ్యక్తి నిరక్షరాస్యుడా? మాకు అలా అనిపించదు. ఢిల్లీ దర్బారులో చదువంటే ఫారసీయే. ఫారసీ రానివాడు ఏమీ చదవనివాడే. మా చిన్నతనంలో ఒక కార్యాలయానికి దరఖాస్తు పట్టుకుని వెళితే, ఇంగ్లీషు రాలేదని అక్కడి గుమాస్తా మమ్మల్ని అనపఢ్ అన్నాడు. అప్పటికి మేము అరబీ వ్యాకరణం ముగించి ఉన్నాము. అందుకేనేమో అఫీఫ్ మాట చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఆయన దృష్టిలో ఏమైనా, అదే కలంతో ఈ మనిషి వివేకంలో దర్బారుకే అలంకారమని కూడా వ్రాశాడు.

తర్వాత మక్బూల్‌కు ఖివాముల్ ముల్క్ అనే బిరుదూ, ముల్తాన్ సుబా బాధ్యతా దక్కాయి. ముల్తాన్‌లో బహ్రామ్ ఐబా తిరుగుబాటు అణగిన తర్వాత ఆ సరిహద్దు నాడును చక్కబెట్టవలసిన సమయమది. తర్వాత నాయబ్ వజీరు అయ్యాడు. అప్పుడు ఆయనను ఎక్కడికి పంపారో తెలుసా? ఓరుగల్లుకే.

తాను కాపాడలేకపోయిన కోటకే పాలకుడై వచ్చాడు. రాతి కోట తూర్పు ద్వారం గుండా వచ్చాడో, పడమటి ద్వారం గుండా వచ్చాడో గానీ, లోపలికి అడుగు పెట్టిన ఆ క్షణాన్ని మేము చాలాసార్లు ఊహించుకున్నాము. చరిత్రకారులెవరూ దాని గురించి ఒక్క వాక్యమైనా వ్రాయలేదు. వారు వ్రాసింది తర్వాతి సంగతి. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు తిరుగుబాటు చేశాడు. మక్బూల్ నిలవలేక ఢిల్లీకి పారిపోయాడు. ఓరుగల్లు సుల్తాను చేయి జారిపోయింది. బరనీ ఈ విషయాన్ని దాపరికం లేకుండా వ్రాశాడు.

ఆ రోజు ఈ కథ చెబుతున్నప్పుడు అంతవరకు తల ఎత్తని కుర్రవాడు ఇక్కడ తల ఎత్తాడు. పారిపోయి వచ్చినందుకు సుల్తాను ఆయనను ఏమి చేశాడని అడిగాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కోపం ఎటువంటిదో చరిత్ర చదివిన వారికి తెలుసు. చిన్న తప్పుకు కూడా ప్రాణాలు తీయించిన రోజులవి. కాని మక్బూల్ పదవి పోలేదు. నాయబ్ వజీరుగానే ఉన్నాడు, తర్వాత ఇంకా పైకి వెళ్ళాడు. ఒకే ఊరి వాకిట రెండుసార్లు ఓడిపోయాడన్నమాట, మొదట కోట లోపలివాడిగా, తర్వాత బయటినుంచి వచ్చినవాడిగా. కుర్రవాడు మళ్ళీ ఏమీ అడగలేదు. చాప అంచు పీకడం మాత్రం ఆపాడు.

1351 మార్చిలో సింధులోని ఠట్టా సమీపంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ మరణించాడు. దండులో ఉన్న సర్దారులు ఆయన పినతండ్రి కుమారుడు ఫిరోజ్‌ను సుల్తానుగా ఎన్నుకున్నారు. ఢిల్లీలో ఉన్న వృద్ధ వజీరు ఖ్వాజా జహాన్ ఒక పసివాణ్ణి గద్దెమీద కూర్చోబెట్టాడు. రెండు సింహాసనాలు, ఒక రాజ్యం. మక్బూల్ అప్పుడు ఢిల్లీలోనే, వజీరు పక్కనే ఉన్నాడు. కొంతకాలం చూశాడు. తర్వాత కుటుంబాన్నీ అనుచరులనూ వెంటబెట్టుకుని నగరం విడిచి ఫిరోజ్ శిబిరం దారి పట్టాడు. ఆయన వెళ్ళిపోయాక ఖ్వాజా జహాన్ పక్షం కూలిపోయింది. నగరం మీద పోరాటం లేకుండా ఫిరోజ్ ఢిల్లీలో ప్రవేశించాడు. ఇది నమ్మకద్రోహమా, దూరదృష్టా అని వాదించేవాళ్ళు ఉన్నారు. ఒకసారి ముట్టడిలో చిక్కిన రాజధానిని లోపలినుంచి చూసిన మనిషి, మరో రాజధానికి ఆ గతి పట్టకూడదని అనుకుని ఉండవచ్చు. మేము ఆయన పక్షమే వహిస్తాము. అయితే ముసలి ఖ్వాజా జహాన్ లొంగిపోయి, సమానాకు వెళ్ళే దారిలో హతుడైన సంగతి చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

ఫిరోజ్ షా ఆయనను వజీరును చేసి ఖాన్-ఎ-జహాన్ బిరుదు ఇచ్చాడు. సుల్తాను రెండుసార్లు బెంగాల్ మీదికి దండెత్తాడు, జాజ్‌నగర్ వెళ్ళాడు, నగర్‌కోట్ వెళ్ళాడు, ఠట్టా వెళ్ళాడు. ప్రతిసారీ ఢిల్లీ తాళాలు ఈ తెలుగువాడి చేతిలోనే ఉండేవి. నిజమైన ఢిల్లీ పాదుషా ఖాన్-ఎ-జహానే అని సుల్తానే అనేవాడట.

ఠట్టా దండయాత్ర సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1365 ప్రాంతంలో ఫిరోజ్ షా పెద్ద సైన్యంతో సింధుకు వెళ్ళాడు. గుర్రాలకు తెగులు తగిలింది, తిండి కరువైంది. గుజరాత్ వైపు తిరిగి వస్తూ సైన్యం కచ్ రణ్ ఉప్పు చవిటిలో చిక్కుకుంది. ఆరు నెలలపాటు ఢిల్లీకి ఒక్క కబురు రాలేదు. ప్రతి ఇంట్లో ఏడుపులే. ప్రతి ఇంటి మనిషీ ఆ దండులో ఉన్నాడు మరి.

ఇప్పుడు పాఠకులు ఓరుగల్లు ముందు ఆగిపోయిన తపాలాను గుర్తుచేసుకోవాలి. కబురు రాకపోతే సైన్యం ఎలా చెదిరిపోతుందో నలభై ఏళ్ళ క్రితం కోట గోడ మీదినుంచి చూసిన మనిషి ఇప్పుడు ఢిల్లీలో ఉన్నాడు. ఏమి చేశాడు? సుల్తాను మహళ్ళలోని విలువైన వస్తువులను తన నివాసానికి తెప్పించి కాపలా పెట్టాడు. ప్రతిరోజూ గుర్రమెక్కి బలగంతో నగరం చుట్టి తానున్నానని జనానికి కనిపించాడు. అయినా గుసగుసలు ఆగలేదు. చివరికి సుల్తాను క్షేమంగా ఉన్నట్టు తానే ఒక ఉత్తరం పుట్టించి, అది దండు నుంచి వచ్చిందని ప్రకటించి సంబరాలు చేయించాడు. నగరం ఊపిరి పీల్చుకుంది. దుకాణాలు తెరుచుకున్నాయి.

అబద్ధం అబద్ధమే. దాన్ని మంచిదని మా విద్యార్థులకు చెప్పే ధైర్యం మాకు లేదు. యుద్ధకాలపు ఎత్తుగడకు మినహాయింపు ఉందా లేదా అన్నది పండితులు తేల్చవలసిన విషయం. జరిగింది జరిగినట్టు వ్రాస్తున్నాము. గద్దె ఖాళీగా ఉందని అనుకున్న ఆ ఆరు నెలల్లో సైన్యం, ఖజానా, నగరం అన్నీ తన చేతిలో ఉండగా, దానిమీద కూర్చోవాలని ఆ వృద్ధుడికి తోచలేదు. సుల్తాను బ్రతికి గుజరాత్ చేరి కబురు పంపగానే ఆయుధాలు, సామగ్రి పంపాడు. రెండోసారి ఠట్టా మీదికి వెళ్ళినప్పుడు బదాయూన్, కన్నౌజ్, అవధ్, జౌన్‌పూర్, బీహార్‌ల నుంచి బలగాలను సమకూర్చి పంపాడు. ఈసారి ఠట్టా లొంగింది.

మాలిక్ కాఫూర్ సంగతి మళ్ళీ చెబుతామన్నాము. ఆయన కత్తిలో మక్బూల్ కంటే గొప్పవాడు. దక్షిణాన అంత దూరం వెళ్ళిన ఢిల్లీ సేనాని అంతకు ముందు లేడు. అలావుద్దీన్ ఖిల్జీ 1316 జనవరిలో చనిపోగానే రాకుమారుల కళ్ళు పొడిపించి, ఒక పసివాణ్ణి ముందుంచుకుని రాజ్యం తనదే అనుకున్నాడు. నెల తిరిగి కొద్ది రోజులకే కాపలా సిపాయిల చేతిలో హతమయ్యాడు. అదే బానిసత్వం నుంచి, అదే సైన్యం గుండా వచ్చినవాడే. కాబట్టి ఆ తల్లి ప్రశ్నకు ఫౌజు మనిషిని చేస్తుంది అని మేము అనలేకపోయాము. ఫౌజు అతనికి తెల్లవారుజామున లేవడం నేర్పుతుంది, వేళకు తినడం నేర్పుతుంది, పక్కవాడి ప్రాణం తన చేతిలో ఉన్నదని నేర్పుతుంది. మాట మీద నిలబడటం మాత్రం ఎవరికి వారు తెచ్చుకోవలసిందే అని చెప్పాము. మరునాటి నుంచి ఫజ్ర్‌కు రమ్మని, అక్కడినుంచే మైదానానికి వెళ్ళమని కుర్రవాడికి చెప్పాము. కొన్నాళ్ళు వస్తాడు, కొన్నాళ్ళు మానేస్తాడు. ప్రస్తుతానికి వస్తున్నాడు.

మక్బూల్‌కు లోపాలు లేవని అనుకోవద్దు. ఆయన అంతఃపురం ఎంత పెద్దదో అఫీఫ్ వర్ణిస్తాడు, అది ఇక్కడ వ్రాయదగినది కాదు. లెక్కల అధికారి ఐనుల్ ముల్క్‌తో ఆయనకు పెద్ద తగవు వచ్చింది. ఇద్దరూ దర్బారులోనే మాటలు విసురుకునేవారు. సుల్తాను ఐనుల్ ముల్క్‌ను ముల్తాన్‌కు మార్చాడు. తర్వాత వజీరును తొలగించే ఆలోచన వచ్చి సుల్తాను సలహా అడిగినప్పుడు, అదే ఐనుల్ ముల్క్ ఖాన్-ఎ-జహాన్‌ను తీసివేస్తే రాజ్యానికి నష్టమని చెప్పాడు. కృతజ్ఞతతో మక్బూల్ ఆయనను కౌగిలించుకోబోతే, ఇది నీమీద ప్రేమతో చేసింది కాదు, రాజ్యం కోసం చేసిందని తెగేసి చెప్పాడట. శత్రువు నోటినుంచి అటువంటి యోగ్యతాపత్రం ఎందరికి దొరుకుతుంది!

హిజ్రీ 770లో, అంటే 1368-69లో ఖాన్-ఎ-జహాన్ కన్నుమూశాడు. ఢిల్లీ అంతా దుఃఖంలో మునిగింది. ఫిరోజ్ షా కన్నీరు పెట్టుకున్నాడనీ, ఆ తర్వాత పెద్ద దండయాత్రలకు వెళ్ళడం మానుకున్నాడనీ అఫీఫ్ వ్రాశాడు. వెనుక నగరాన్ని చూసుకునే మనిషి లేడు కదా.

కుమారుడు జూనాన్ షా తండ్రి బిరుదుతోనే వజీరు అయ్యాడు. ఢిల్లీలోని ఖిర్కీ మసీదు, తుర్క్‌మాన్ గేట్ దగ్గరి కలాన్ మసీదు ఆయన కట్టించినవే. మౌలానా దావూద్ 1379లో హిందవీ భాషలో వ్రాసిన చాందాయన్ కావ్యంలో ఈ జూనాన్ షా ప్రశంస ఉంది. తండ్రికి తెలుగు పురాణం, కొడుకుకు హిందవీ ప్రేమకావ్యం! అయితే తండ్రి నిలుపుకున్న నమ్మకాన్ని కొడుకు నిలుపుకోలేకపోయాడు. సుల్తాను కుమారునితో తగవు పెట్టుకుని, 1387లో మేవాత్‌కు పారిపోయి, పట్టుబడి హతుడయ్యాడు.

చాలా ఏళ్ళ క్రితం మేము ఢిల్లీ వెళ్ళినప్పుడు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మతుల్లాహ్ అలైహి) దర్గాను దర్శించి, తిలంగానీ సమాధి ఎక్కడని అడిగాము. ఇద్దరు ముగ్గురు తెలియదన్నారు. చివరికి ఒక చాయ్ దుకాణం అబ్బాయి సందుల గుండా తీసుకెళ్ళాడు. ఎనిమిది మూలల కట్టడం, పైన గుంబజ్. ఢిల్లీలో ఆ ఆకారంలో కట్టిన మొదటి సమాధి అదేనంటారు. తర్వాత వచ్చిన సయ్యద్, లోదీ సుల్తానుల సమాధులకు, ససారాంలోని షేర్ షా సమాధికి దారి చూపింది అదే. మేము చూసేనాటికి దాని చుట్టూ, లోపలా పేద కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. తోరణాలకు గోడలు కట్టుకున్నారు. ఒక చోట పొయ్యి, ఒక చోట మంచం, తాడు మీద పిల్లల బట్టలు.

గడప దగ్గర నిలబడి ఫాతిహా చదువుతుంటే లోపలినుంచి ఒక ముసలమ్మ వచ్చి, ఎక్కడివారు బాబూ అని ఉర్దూలో అడిగింది. వరంగల్ అని చెప్పాము. ఆమెకు ఆ పేరు తెలియదు. అయినా లోపలికి రమ్మని, మంచం మీది బట్టలు పక్కకు జరిపి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చింది.